ఇల్లు - వాకిలి: మోరి గట్టు తీసేస్తే నీళ్లు ఇంట్లకు వస్తాయా?

ఈ నెల ఒక చెల్లె ఉత్తరానికి జవాబు రాస్తున్న. సోలాపురం తూర్పు దిక్కు పేటల నుంచి రాసింది. పేరు వేయొద్దన్నది, వేయటం లేదు. ఆమె రాసింది ఇది:

"మా అత్తమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది. పోయిన ఏడు జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు వాకర్ పట్టుకొని ఇంట్ల మెల్లగ తిరుగుతది. కానీ మా మోరికి నాలుగు అంగుళాల గట్టు ఉంది. అది దాటలేదు. మా ఆయన ఇంట్ల ఉన్న పూట ఎత్తి లోపల కూసోబెడతడు. లేని పూట తానం లేదు. కొడుకుతోని ఎత్తించుకునుడు ఆమెకు చాలా సిగ్గు. పదే పదే పోవాల్సి వస్తదని నీళ్లు తాగుడు కూడా తగ్గించింది. గట్టు తీసేయమంటే గవండి 'నీళ్లు ఇల్లంత పారుతయి, నేను చెయ్య' అంటుండు. ఏం చేయాలె?"

చెల్లె, గట్టు తీసేయొచ్చు. నీళ్లు ఇంట్లకు రావు. గవండి భయం ఉత్తదేం కాదు. మిగతా పని సరిగ చేయకుండ ఒక్క గట్టే పగలగొడితే ఆయన చెప్పినట్టే అయితది. నీళ్లను నిజంగా ఆపేది గట్టు కాదు, నేల వాలు. వాలు సరిగ్గ ఉన్న మోరికి గట్టుతో పనే లేదు. వాలు లేని మోరికి ఎంత ఎత్తు గట్టు పెట్టినా నీళ్లు నిలుస్తనే ఉంటయి, పాచి పడతనే ఉంటది, మనుషులు జారుతనే ఉంటరు.

మన ఊళ్లల్ల మోరి అంటే మురుగు పారే కాలువ. ఇక్కడికొచ్చినంక తానం చేసే మూలను మోరి అనడం మనకు మరాఠీ నుంచి అలవాటయ్యింది. చాళ్లల్ల ఒక్కటే గది. అందులనే వంట, పడక, ఒక మూలకు మోరి. తలుపు లేదు, వాలు సరిగ్గ లేదు. అందుకే గట్టు కట్టిన్రు. తర్వాత సొంత ఇండ్లు కట్టుకున్నప్పుడు మోరికి గోడలు, తలుపు వచ్చినా గట్టు మాత్రం అట్లనే వెంట వచ్చింది. కాళ్లు బాగున్నప్పుడు అది ఎవరికీ కనపడదు. మగ్గం ముందు నిలబడి నిలబడి, బీడీల చాట ముందు కూసోని కూసోని మోకాళ్లు అరిగినంకనే ఆ నాలుగు అంగుళాలు గోడ లెక్క నిలబడతయి.

వాలు లెక్క

అడుగుకు పావు అంగుళం వాలు కావాలె. ఇది గుర్తు పెట్టుకుంటే చాలు. మీ మోరి లోతు 5 అడుగులు అనుకోండి. తలుపు దగ్గరి నుంచి వెనక గోడ వరకు మొత్తం దిగాల్సింది అంగుళంన్నర కూడా కాదు, అంగుళం పావు. అంత దిగితే నీళ్లు వాటంతట అవే వెనకకు పోతయి. ఇంకా ఎక్కువ వాలు పెట్టొద్దు. ఎక్కువ వాలైతే వాకర్, చక్రాల కుర్చీ, స్టూలు జారుతయి.

ఇంకో ముఖ్యమైన మాట: నీళ్లు పోయే జాలీ ఎక్కడ ఉండాలె? చాలా మోరిలల్ల తలుపు పక్కన్నో, నడిమిట్లనో ఉంటది. గట్టు లేని మోరికి అది తలుపుకు దూరంగ, వెనక గోడ పొంటి ఉండాలె. అప్పుడు నేలంతా ఒక్క దిక్కే వాలుతది. గవండికి పని సులువు, వాకర్ నాలుగు కాళ్లు కూడా సమంగ నిలబడతయి. జాలీ నడిమిట్ల ఉంటే నాలుగు దిక్కుల నుంచి వాలు పెట్టాలె, ఫర్షీ ముక్కలు ముక్కలు కోయాలె. వెనక గోడ పొడుగునా సన్నని స్టీలు జాలీ ఉన్న కాలువ పెడితే ఇంకా మంచిది. జాలీ రంధ్రాలు అర అంగుళం కంటే పెద్దగ ఉండొద్దు. చేతికర్ర కొన అందుల ఇరుక్కుంటది.

తలుపు దగ్గర గది నేల, మోరి నేల ఒకే ఎత్తులో కలవాలె. సర్కారు భవనాల నియమాలల్ల గడప ఎత్తు 12 మిల్లీమీటర్లు మించొద్దని ఉంది. అంటే సుమారు అర అంగుళం. మన ఇంటికి కూడా అదే కొలత పెట్టుకోండి. ఆ అర అంగుళం కూడా నిలువుగ కాకుండ ఏటవాలుగ గీకిపిస్తే కాలి బొటనవేలు తట్టదు.

కొందరు గట్టు అట్లనే ఉంచి, దాని మీదికి సిమెంటుతో ర్యాంపు పోస్తమంటరు. లెక్క చూడండి. ర్యాంపుకు ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు కావాలె. 4 అంగుళాల గట్టుకు 48 అంగుళాలు, అంటే 4 అడుగులు. గదిలో 4 అడుగులు, మళ్లీ మోరి లోపల దిగడానికి 4 అడుగులు. మన ఇండ్లల్ల అంత జాగా ఎక్కడిది? పొట్టిగ పోస్తే అది ర్యాంపు కాదు, జారుడు బండ. అందుకే గట్టు ఎక్కించే మాట కాకుండ గట్టు తీసే మాటే మాట్లాడుదాం.

పగలగొట్టే ముందు చూడాల్సినవి

మొదలు తలుపు. ఫ్రేము లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకు టేపు పెట్టి కొలవండి. తలుపు తెరిచినప్పుడు దాని మందం ఎంత అడ్డం వస్తదో అది తీసేయండి. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు 25, 26 అంగుళాలు ఉంటది. నియమాల ప్రకారం 3 అడుగుల దారి ఉండాలె. మన మోరి తలుపులు రెండు, రెండున్నర అడుగులు దాటవు. గోడ పెద్దగ చేసే వీలు లేకపోతే తలుపు తీసేసి మందపాటి పరదా కట్టొచ్చు. రెండు అంగుళాలు అక్కడనే దొరుకుతయి. తలుపు ఉంచేటట్టయితే అది బయటికి తెరుచుకోవాలె. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే ఎవరూ తెరవలేరు. గొళ్లెం కూడా బయటి నుంచి తీయొచ్చే రకం పెట్టించండి.

రెండోది, బయటి చాంబరు. కింది ఇంట్ల ఉంటే మోరి నేల దించడం తేలికే. కానీ బయట చాంబరుల పైపు పడే ఎత్తు చూడకుండ దించితే నీళ్లు వెనక్కి తంతయి. చాంబరు మూత తెరిచి, మోరి జాలీ నుంచి అక్కడికి పైపుకు వాలు మిగులుతదా లేదా ముందే చూసుకోవాలె.

మూడోది, మీరు ఏ అంతస్తుల ఉన్నరు? పై అంతస్తయితే స్లాబును ఒక్క దెబ్బ కూడా కొట్టొద్దు. కడ్డీలు కోయొద్దు. పాత చాళ్లల్ల కర్ర దూలాల మీద కట్టిన అంతస్తులు ఉంటయి. వాటి మీద బరువు కూడా పెంచొద్దు. ఘర్‌కుల్ ఇండ్లు, మ్హాడా ఇండ్లల్ల గోడ కూడా సొంతంగ పగలగొట్టొద్దు. ఏ గోడ బరువు మోస్తుందో ఇంజనీరు చెప్పాలె.

పై అంతస్తుల స్లాబు తాకకుండ కూడా పని అయితది. గట్టు తీసేసి, జాలీ దగ్గర ఉన్న ఎత్తు అట్లనే ఉంచి, తలుపు దిక్కు నేలను అంగుళం పావు పెంచాలె. పాత ఫర్షీ మీదనే కొత్త పలక పరిస్తే దాని మందం ముప్పావు అంగుళం కలుస్తది. మొత్తం 2 అంగుళాలు. ఈ 2 అంగుళాలకు గది దిక్కు 24 అంగుళాల ర్యాంపు. 4 అడుగులు లేని ఇంట్ల 2 అడుగులు దొరకొచ్చు. ఆ ర్యాంపుకు వేరే రంగు వేయండి. రాత్రి లేచినోళ్లకు కనపడాలె.

పని వరుస

ఈ వరుస తప్పితే పైసలు నీళ్లలో పోసినట్టే. ఇది గవండికి చదివి వినిపించండి.

1. పాత ఫర్షీ, గట్టు తీసేయాలె. గోడలకు కింద ఒక అడుగు వరకు పాత ప్లాస్టరు కూడా చెక్కేయాలె.

2. నహానీ ట్రాపు, పైపు కొత్త చోట పెట్టాలె. పైపు 3 అంగుళాలది. ట్రాపుల ఎప్పుడూ 2 అంగుళాల నీళ్లు నిలిచి ఉండాలె. ఆ నీళ్లే కంపును, బొద్దింకలను పైకి రానియ్యవు. చవకని లోతు లేని ట్రాపు కొంటే రోజూ వాసనే.

3. నేల, గోడ కలిసే మూలలు మాలుతో గుండ్రంగ నింపాలె. తర్వాత నీళ్లు దిగకుండ చేసే పూత రెండుసార్లు. మొదటిది ఆరినంకనే రెండోది. గోడలకు ఒక అడుగు ఎత్తు, నీళ్లు పోసుకునే దిక్కు 5, 6 అడుగుల ఎత్తు వరకు. గట్టు లేదు కాబట్టి ఈ పూత తలుపు దగ్గర ఆగొద్దు. గది లోపలికి కూడా ఒక అడుగు రావాలె. చాలామంది మరిచేది ఇదే.

4. నీళ్లు నిలిపి చూడటం. డబ్బా మీద రాసినన్ని రోజులు పూతను ఆరనిచ్చి, జాలీని గుడ్డ, ప్లాస్టిక్ కాగితంతో బిగించి, తలుపు దగ్గర తాత్కాలికంగ ఇటుకల కట్ట కట్టి, రెండు అంగుళాల నీళ్లు నింపండి. గోడ మీద పెన్సిలుతో గీత గీయండి. 24 గంటలు వదిలేయండి, 48 అయితే ఇంకా మంచిది. గీత కిందికి నీళ్లు బాగా దిగినా, కింది ఇంటి కప్పు చెమ్మగిల్లినా పూత మళ్లీ వేయాలె. ఫర్షీ పరిచినంక బయటపడే కన్న ఇప్పుడే బయటపడుట మేలు. కింది ఇంటోళ్లతోని కొట్లాట కూడా తప్పుతది.

5. వాలు పోసి ఫర్షీ పరవాలె. నిగనిగలాడే పలకలు వద్దు. అరచేయి తడిచేసి రుద్దితే గరుకు తగిలేవి తీసుకోండి. పాలిష్ పట్టిన కోటా రాయి తడిస్తే సబ్బు లెక్క జారుతది. పాలిష్ లేని షహాబాదు ఫర్షీ నయం. పలకలు చిన్నవైతే సందులు ఎక్కువ ఉంటయి, కాలికి పట్టు దొరుకుతది.

6. గవండికి ఆఖరి పైసలు ఇచ్చే ముందు తలుపు దగ్గర ఒక బకెటు నీళ్లు ఒంపండి. నీళ్లన్నీ జాలీకి పోవాలె, గదిలోకి రావొద్దు, ఎక్కడా మడుగు కట్టొద్దు. పిల్లల గోళీ ఒకటి తలుపు దగ్గర పెట్టండి. అది ఎటు దొర్లుతదో నీళ్లు అటే పోతయి.

ఇదంతా కావడానికి వారం, పది రోజులు పడతది. ఆ పది రోజులు ఇంటోళ్ల తానం ఎక్కడో ముందే పక్కింటోళ్లతో మాట్లాడుకోండి. పెద్దామెకు మంచం మీదనే తడిగుడ్డతో ఒళ్లు తుడిచే ఏర్పాటు చేయండి.

కూసునేది, పట్టుకునేది

తడి నేల మీద ప్లాస్టిక్ కుర్చీ వేయొద్దు. బరువు పడంగనే కాళ్లు పక్కకు పరుచుకుంటయి. రబ్బరు బూట్లు ఉన్న అల్యూమినియం తానపు స్టూలు మందుల దుకాణాలల్ల దొరుకుతది. లేదంటే మూలకు కడప్ప రాయితో ఒక దిమ్మె కట్టించండి. ఎత్తు 17, 18 అంగుళాలు, లోతు 15, 16 అంగుళాలు. కూసుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలె. అందుకని పెద్దామెను ఇంట్ల ఉన్న కుర్చీల మీద కూసోబెట్టి, ఏ ఎత్తు నుంచి సులువుగ లేస్తుందో చూసి ఆ కొలత గవండికి ఇవ్వండి. రాయి అంచులు గుండ్రంగ గీకించాలె.

పట్టుకునే కడ్డీ కొనడానికి పైసలు లేకపోతే ఒక అంగుళం జీఐ పైపు చాలు. దాని బయటి మందం అంగుళం పావు కంటే కొంచెం ఎక్కువ ఉంటది, గుప్పిట్ల సరిగ్గ ఇముడుతది. మన పేటల వెల్డింగు దుకాణంల వంచి, రెండు కొనలకు పట్టీలు వేసి, తుప్పు పట్టకుండ రంగు వేసి ఇస్తరు. నేల నుంచి రెండుముప్పావు, 3 అడుగుల ఎత్తుల బిగించాలె. గోడకు, పైపుకు నడుమ అంగుళంన్నర సందు ఉండాలె. ఎక్కువ సందు ఉంటే చేయి జారి మోచేయి దాకా ఇరుక్కుంటది. ఒకటి తలుపు పక్కన నిలువుగ, ఒకటి కూసునే చోట అడ్డంగ. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడైతే అవతలి దిక్కు ఇనుప పట్టీ పెట్టి బోల్టు ఆరపార బిగించండి. బిగించినంక ఇంట్ల అందరికన్న బరువున్న మనిషి దాన్ని పట్టుకొని గట్టిగ గుంజాలె. కదిలితే పనికి రాదు. టవలు వేసే రాడ్డు మాత్రం పట్టుకోవడానికి కాదు. అది ఊడి చేతికొస్తది.

నీళ్లు, కరెంటు

పుస్తకాలల్ల ఇటువంటి మోరికి షవరు రాస్తరు. సోలాపురంల నల్లా రోజూ రాదు. మనం డ్రమ్ముల పట్టుకున్న నీళ్లే. కాబట్టి బకెటుతోనే ఆలోచిద్దాం. బకెటు నేల మీద ఉంటే కూసున్న మనిషి ప్రతి చెంబుకూ వంగాలె. వంగినప్పుడే ముందుకు పడతరు. కూసునే దిమ్మె పక్కనే, అదే ఎత్తుల, బకెటు పట్టే చిన్న దిమ్మె ఇంకొకటి కట్టించండి. చెంబు, సబ్బు అక్కడనే. ఇరవై లీటర్ల బకెటు ఇరవై కిలోల బరువు. నిండుగ మోయకుండ సగం సగం పోయండి. మోసే కోడలి నడుము కూడా నడుమే కదా.

నీళ్ల డ్రమ్ములు మోరిల నుంచి బయటికి రావాలె. అవి లోపల ఉంటే వాకర్ తిరగదు.

వేడినీళ్లు కలిపేటప్పుడు చన్నీళ్లు ముందు, వేడివి తర్వాత. షుగరు ఉన్నోళ్ల పాదాలకు వేడి తెలియకపోవచ్చు. అందుకని నీళ్ల వేడి కలిపినోళ్లు మోచేతితో చూసి చెప్పాలె. కరెంటు రాడ్డు పెట్టిన బకెటు మోరిలో వద్దే వద్దు. స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీసినంకనే మనిషి దగ్గరికి బకెటు పోవాలె. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి ఇంటి మీటరు దగ్గర పెట్టిస్తే కరెంటు లీకైన మరుక్షణం అదే కొట్టేస్తది.

పైసలు తక్కువ ఉంటే ఏది ముందు?

అన్నీ ఒక్కసారి కావు, తెలుసు. మొదలు కడ్డీ, స్టూలు, రబ్బరు మ్యాటు, బయటి నుంచి తీసే గొళ్లెం. ఇవి కిరాయి ఇంట్ల కూడా అయితయి. మళ్లీ బోనస్ వచ్చినప్పుడో, భిశీ ఎత్తినప్పుడో గట్టు, వాలు. తలుపు పెద్దగ చేయడం ఆఖరికి. కిరాయి ఇల్లైతే యజమానితో ముందే మాట్లాడి, ఏం మారుస్తున్నరో కాగితం మీద రాసుకోండి. వాలు సరిగ్గున్న మోరి ఆయన ఇంటికీ లాభమే అని చెప్పండి.

వాకర్, చక్రాల కుర్చీ వంటివి కొనే ముందు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి జిల్లా సమాజ కల్యాణ కార్యాలయంల అడగండి. 60 ఏండ్లు దాటిన పేదోళ్లకు ఇవి ఉచితంగ ఇస్తరు. ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకుపోండి. అంగవైకల్యం సర్టిఫికెట్ ఉంటే అది కూడా.

చెల్లె, ఇంకొక్క మాట. పని మొదలుపెట్టే ముందు మీ అత్తమ్మను వాకర్‌తో మోరి వాకిట్ల నిలబెట్టి, "కడ్డీ ఎక్కడ పెడితే చేయి అందుతది? ఏ దిక్కు తిరిగి కూసుంటవు?" అని ఆమెనే అడుగు. చాక్‌పీసుతో గోడ మీద గుర్తు పెట్టు. ఏ చేయి బలంగ ఉన్నదో, ఏ కాలు ముందు పడుతదో ఆమెకే తెలుసు. గవండి కొలతల కన్న ఆ చాక్‌పీసు గీత నమ్మదగ్గది. ఇంకా, నీళ్లు తాగుడు తగ్గించొద్దని ఇయ్యాలనే చెప్పు. మోరి పని అయ్యేదాకా మంచం పక్కన ఒక కమోడ్ కుర్చీ పెట్టి, చుట్టూ చీర పరదా కట్టు. కొడుకు ఎత్తాల్సిన అవసరం ఈ వారంనుంచే తగ్గుతది.

వచ్చే నెల: పత్రా కప్పు కింద ఎండాకాలం గడిపే ఇండ్లల్ల వేడి తగ్గించుకునే ఉపాయాలు. మీ ఇంట్ల ఏం చేసిన్రో, ఎంత ఖర్చయ్యిందో రాసి పంపండి.